గారెల చేదు, వేము తీపి: శ్రోతృరుచి పరిణామమును గూర్చి ఒక పరిశీలనము

తెలుగువారి వ్యవహారమున పరస్పర విరుద్ధములైన రెండు మాటలు చిరకాలముగా నిలిచియున్నవి. తినగా తినగా గారెలు చేదనునది ఒకటి, ఇది సామెత. అలవాటు పడినచో వేపాకు సైతము తీపియగునను వేమన మాట రెండవది. మొదటిది అతిపరిచయమువలన ఇష్టము నశించునని చెప్పుచున్నది. రెండవది పరిచయమువలననే ఇష్టము పుట్టునని చెప్పుచున్నది. లోకము ఈ రెండింటిని సత్యములుగనే అంగీకరించినది. కాని ఏది ఎప్పుడు సత్యమగును? భోజనము విషయమున ఈ ప్రశ్నకు అంత ప్రాధాన్యము లేకపోవచ్చును. సంగీతము విషయమున మాత్రము కలదు. చిన్ననాటినుండి విని, ప్రేమించి, కంఠస్థము చేసికొనిన పాట యొకనాడు మనసునకు పట్టకపోవుట అనేకుల అనుభవములోని విషయమే. దానికి కారణమేమి, అది శ్రోతయొక్క దోషమా, దానికి ప్రతిక్రియ యేమి అను అంశములను ఈ వ్యాసమున పరిశీలింప యత్నించుచున్నాను.

ఈ పరిశీలనమునకు స్వానుభవమే ప్రేరకము. మా తండ్రిగారు ప్రాథమిక పాఠశాలలో ఉపాధ్యాయులు. వేకువనే లేచి, పెరటిలో బావివద్ద నీళ్లు తోడుచు తోడిరాగ కృతులను సన్నని గొంతుతో పాడుకొనెడివారు. వారు కాలధర్మము చెందిన పిమ్మట వారు కూర్చుకొనిన క్యాసెట్లు నా పాలికి వచ్చినవి. రెండేండ్లపాటు ప్రతిదినము వానిని వింటిని. మూడవయేట ఒక ఉదయమున పాట సాగుచునే యున్నది; చెవికి వినబడుచునే యున్నది; లోపల ఏమియు కదలలేదు. రాబోవు సంగతి, దాని తరువాతి సంగతి, తుదకు గాయకుడు ఊపిరి తీసికొను చోటు సైతము నాకు ముందుగనే తెలియును. యంత్రమును ఆపివేసితిని. పాటయందు విసుగు కలిగినందులకు గాక, మా నాన్నగారి జ్ఞాపకముపైననే నాకు విసుగు కలిగినదేమోయని ఆనాడు భయము కలిగినది. ఆ భయము నిరాధారమని తెలిసికొనుటకు నాకు చాలకాలము పట్టినది.

1. అరుచి స్వరూపము

ఆయుర్వేదమున అరోచకమను వ్యాధి యొకటి చెప్పబడినది. అన్నమునందు దోషము లేకున్నను అది నోటికి రుచింపకుండుట దాని లక్షణము. సంగీతమునందలి అరుచినికూడ ఇట్లే విచారింపవచ్చును. అయితే ముందుగా మూడు స్థితులను వేరు చేయవలసి యున్నది. ఏ సంగీతమువలనను ఎన్నడును సుఖము పొందనివారు కొందరు కలరు. వీరికి వినికిడిలో లోపము లేదు. ధనలాభాదులవలన కలుగు సంతోషమునకును కొరత లేదు. సంగీతసుఖము మాత్రమే లేదు. బార్సిలోనాలోని పరిశోధకులు 2014లో ఇట్టివారిని గూర్చి వివరించిరి. ఇది మొదటి స్థితి. దుఃఖముచేతనో మనోవ్యాధిచేతనో సమస్త విషయములయందును ఉత్సాహము నశించుట రెండవది. పరిచితమైన పాటయందు మాత్రమే రుచి తగ్గి, సంగీతముపై ఆకలి మాత్రము మిగిలియుండుట మూడవది. ఈ వ్యాసమునకు విషయమైనది మూడవ స్థితి మాత్రమే.

ఈ స్థితికి మూలమును తెలిసికొనుటకు సంగీతసుఖమెట్లు పుట్టునో విచారింపవలెను. లెనార్డ్ మేయర్ అను అమెరికా సంగీతశాస్త్రజ్ఞుడు 1956లో ప్రకటించిన గ్రంథమున ఒక సిద్ధాంతమును ప్రతిపాదించెను. వినువాని మనస్సు రాబోవు స్వరమును నిరంతరము ఊహించుచుండును. ఆ ఊహ కొంత ఫలించుట, కొంత ఆలస్యమగుట, కొంత తప్పిపోవుట వలన భావోద్రేకము జనించునని దాని సారాంశము. మన పాటకచేరీలు వినువారికి ఇది క్రొత్త విషయము కాదు. స్వరకల్పన చేయుచు గాయకుడు ఎత్తుగడను అందుకొనునో లేదోయని సభ యంతయు ఎదురుచూచును, అందుకొనినంతనే తలలూపును. ఆ ఎదురుచూపే సుఖమునకు బీజము. మాంట్రియల్ నగరమున జరిగి 2011లో ప్రకటితమైన మెదడు పరిశోధనము ఈ విషయమును మరియొక మార్గమున బలపరచినది. సంగీతము వినునప్పుడు సుఖమునకు సంబంధించిన డోపమైన్ అను ద్రవ్యము మెదడులో స్రవించును. ఇష్టమైన ఘట్టము వచ్చునను నిరీక్షణ సమయమున ఒక భాగమునను, ఆ ఘట్టము వచ్చిన సమయమున వేరొక భాగమునను ఈ స్రావము జరుగునని తేలినది. అనగా నిరీక్షణమనునది సుఖమునకు గుమ్మము మాత్రమే కాదు. సుఖములోనే అది ఒక భాగము.

ఇప్పుడు గారెలకును వేపాకునకును గల వివాదమును తీర్పవచ్చును. కేవలము పదేపదే ఎదురగుటచేతనే ఒక వస్తువుపై ఇష్టము పెరుగునని రాబర్ట్ జయాంక్ 1968లో ప్రయోగపూర్వకముగా నిరూపించెను. ఇది వేమన పక్షము. క్రొత్తదనము మరీ ఎక్కువైనను మరీ తక్కువైనను సుఖము తగ్గుననియు, మధ్యస్థముగా నున్నప్పుడే అది పరాకాష్ఠ నందుననియు డేనియల్ బెర్లైన్ 1971లో వివరించెను. ఇందులో సామెత పక్షమునకు కూడ చోటు దొరికినది. ఈ రెండింటిని కలిపి చూచినచో పరిచయము పెరుగుకొలది రుచి మొదట కొండ యెక్కి, శిఖరము నంది, పిదప ఆవలి వాలున దిగుచున్నదని బోధపడును. తొలిసారి వినిన క్రొత్తరీతి పాట కొండ అడుగున నున్న వేపాకు. వేయిసార్లు వినిన పాట ఆవలి వాలున నున్న గారె. కావున రెండు మాటలును ఒకే త్రోవలోని రెండు మజిలీలను చెప్పుచున్నవే గాని పరస్పరము ఖండించుకొనుట లేదు.

దీనికి ఒక అపవాదమును గమనింపవలసి యున్నది. 1963లో ఎం. ఎస్. సుబ్బులక్ష్మి కంఠమున రికార్డైన వేంకటేశ్వర సుప్రభాతమును అనేక గృహములలో ఏండ్ల తరబడి ప్రత్యూషమున వినుచున్నారు. విసుగను మాటయే అచట వినరాదు. తిరువయ్యారున త్యాగరాజ ఆరాధనమునందు ప్రతి పుష్యబహుళ పంచమినాడును నాట, గౌళ, ఆరభి, వరాళి, శ్రీ రాగముల పంచరత్న కృతులనే వందలకొలది జనులు సమష్టిగా పాడుచున్నారు. అచటను విసుగు లేదు. ఏలయన అవి వ్రతములు. వ్రతమునందు మనము పాటను క్రొత్తదనము నిమ్మని అడుగము. ఉదయమైనదనియో, ఈ యేడును గురువును స్మరించితిమనియో తెలిపిన చాలును. రసానుభవము నపేక్షించి వినునపుడే అరుచి సమస్య తలయెత్తును. నేను తండ్రిగారి క్యాసెట్లను వ్రతముగా విననారంభించి రసము నపేక్షించితిని. నా మొదటి పొరపాటు ఇదియే.

2. యంత్రమును పునరావృత్తియు

రెండవ పొరపాటు యంత్రమునకు సంబంధించినది. మన శాస్త్రీయ సంగీతమునందు ఒక కృతి ఎన్నడును రెండుమార్లు ఒకే విధముగా పుట్టదు. ఆలాపన, నెరవు, స్వరకల్పన అను మనోధర్మ భాగములు ఏనాటికానాడు నూతనములు. ఒకే విద్వాంసుడు పాడినను, శ్రుతి నిలిచిన తీరునుబట్టి, ప్రక్కవాద్యమునుబట్టి, సభనుబట్టి పాట మారుచుండును. క్షణక్షణము నూతనత్వమును పొందునదియే రమణీయమని మాఘుడు రైవతక పర్వత వర్ణన సందర్భమున చెప్పిన భావము ఈ పద్ధతికి చక్కగా అన్వయించును.

భారతదేశమున వాణిజ్యార్థము గ్రామఫోను రికార్డుల ముద్రణము 1902లో కలకత్తాలో ప్రారంభమైనది. ఆనాటినుండి ఒక విచిత్రము సంభవించినది. ఒక్కనాటి పాట, ఒక్క స్వరమైనను మారకుండ, ఎన్నిమార్లైనను వినబడుట సాధ్యమైనది. ధ్వనిముద్రణమునకు పూర్వము మానవజాతికి ఈ అనుభవము లేదు. తాతముత్తాతలు వేయిమార్లు వినినది తోడిరాగమును. మనము వేయిమార్లు వినుచున్నది తోడిరాగమున ఎవరో ఒకనాడు పాడిన ఒక పాటను. ఈ రెండింటికి గల భేదము చిన్నది కాదు. మొదటి సందర్భమున నిరీక్షణమునకు చోటు మిగులును. రెండవ సందర్భమున కొంతకాలమునకు నిరీక్షణము మిగులదు. జ్ఞాపకము మాత్రమే మిగులును. కావున మనకు విసుగు కలిగించినది రాగము కాదు, కృతి కాదు. ఘనీభవించిన ఒక ప్రయోగము మాత్రమే. అరుచి కలిగినవాడు మొదట ఈ విషయమును తనకు తాను చెప్పుకొనవలెను. సగము ఆందోళన దీనితోనే తీరును.

3. లాక్షణికుల సాక్ష్యము

రుచి మారుట వ్యక్తికే గాక జాతికిని సహజమనుటకు మన లక్షణగ్రంథములే సాక్ష్యమిచ్చుచున్నవి. దేవగిరి యాదవరాజైన సింఘణుని ఆశ్రయమున 13వ శతాబ్దియందు సంగీతరత్నాకరమును రచించిన శార్ఙ్గదేవుడు 264 రాగములను పరిగణించెను. అందులో కొన్నింటిని పూర్వప్రసిద్ధములనియు, మరికొన్నింటిని అధునాప్రసిద్ధములనియు విభజించెను. ఒకప్పుడు ప్రసిద్ధములై, తన కాలమునకు మరుగుపడిన వానికొరకు ఆయన శోకింపలేదు. క్రొత్తగా ప్రసిద్ధికి వచ్చినవానిని నిందింపలేదు. రెండింటిని లెక్క వ్రాసి పెట్టెను. శాస్త్రకారుని ఈ నిర్మమత్వము గమనింపదగినది.

17వ శతాబ్దియందు తంజావూరున వేంకటమఖి చతుర్దండిప్రకాశికలో 72 మేళములను గణితమార్గమున ఏర్పరచెను. తన నాటికి వానిలో 19 మాత్రమే వాడుకలో నున్నవని ఆయనయే చెప్పెను. మిగిలిన 53 ఖాళీ గదుల వంటివి. ఎవ్వరును కాపురముండని గదులను కట్టుట ఏలయని ఆక్షేపింపవచ్చును. కాని తరువాతి తరములవారు ఆ గదులలో ప్రవేశించిరి. నేటి గాయకులు వానిలో పెక్కింటిని సుపరిచితములుగా పాడుచున్నారు. నూతనమునకై ముందుగనే చోటు విడిచియుంచిన సంప్రదాయము మనది.

తాళ్లపాక అన్నమాచార్యుల (1408–1503) సంకీర్తనల చరిత్ర మరియొక సాక్ష్యము. తిరుమల సంకీర్తన భాండారమందలి రాగిరేకులపై ప్రతి సంకీర్తనకును రాగనామము చెక్కబడి యున్నది. స్వరములు మాత్రము లేవు. ఆ రాగనామములలో కొండమలహరి వంటివి నేటి గాయకులకు అపరిచితములు. పాడు పద్ధతి నశించెను, సాహిత్యము నిలిచెను. 20వ శతాబ్దియందు రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ ప్రభృతులు అనేక సంకీర్తనలకు నూతనముగా స్వరరచన చేసిరి. నేడు మనము పరంపరాగతమని భావించి వినుచున్న అన్నమయ్య గానము ఈ విధముగా చాలవరకు క్రొత్తది. ఇది విషాదమో అదృష్టమో చెప్పుట కష్టము. పాతదని మనము చేతులు జోడించునది ఒకనాటి క్రొత్తదేయని మాత్రము నిస్సంశయముగా చెప్పవచ్చును.

మార్గము, దేశి అను విభాగము సైతము ఇదే విషయమును సూచించుచున్నది. మతంగుని గ్రంథమునకు బృహద్దేశి యని పేరు. ఆయా దేశముల జనుల వాడుకలోని గానమునకు శాస్త్రగౌరవము కల్పించుట ఆయన చేసిన మహోపకారము. మన పాల్కురికి సోమనాథుడు పండితారాధ్యచరిత్రమున రాగములతోపాటు తుమ్మెద పదములు, వెన్నెల పదములు, గొబ్బి పదములు మొదలగు జనుల పాటలను సైతము పేర్కొనెను. పండితుని చెవి ఆ వైపునకును మళ్లినదనుటకు ఇది నిదర్శనము.

4. వాగ్గేయకారుల అన్వేషణము

శ్రోతలు మాత్రమే కాదు, సంగీతకర్తలును పరిచితమునుండి అపరిచితమునకు ప్రయాణము చేసినవారే. ముత్తుస్వామి దీక్షితులు (1776–1835) యౌవనమున చిదంబరనాథ యోగి వెంట కాశికి పోయి, హిందుస్తానీ సంగీతముతో పరిచయము సంపాదించెను. ద్విజావంతి, బృందావనసారంగ, హమీర్‌కల్యాణి రాగములలోని ఆయన రచనలయందు ఆ పరిచయము స్పష్టముగా గోచరించును. దీక్షితుల కుటుంబము చెన్నపట్టణ సమీపమున మణలిలో నివసించిన కాలమున, సెంట్ జార్జి కోటలో ఈస్టిండియా కంపెనీవారి బ్యాండు సంగీతమును వారు వినిరి. ఆ వరుసలకు దీక్షితులు సంస్కృత సాహిత్యమును కూర్చిరి. సుమారు నలువదిగా నున్న ఈ రచనలే నోటుస్వర సాహిత్యములు. బ్రిటిషు రాజగీతపు వరుసకు సైతము ఆయన దేవీస్తుతిని అమర్చెను. ఆయన సోదరుడు బాలుస్వామి దీక్షితులు ఫిడేలు నేర్చి, దానిని కర్ణాటక సంగీతమున ప్రవేశపెట్టినవారిలో అగ్రగణ్యుడయ్యెను. నేడు ఫిడేలు లేని పాటకచేరీని ఊహింపజాలము. ఒకప్పటి పరదేశి వాద్యము ఇప్పుడు పరిచితములలో పరిచితమైనది. విజయనగరమునందలి ద్వారం వేంకటస్వామినాయుడు (1893–1964) చేతిలో అది తెలుగువారి కీర్తికే కారణమైనది.

గోదావరి సీమయందలి శంకరగుప్తమున 1930లో జన్మించిన మంగళంపల్లి బాలమురళీకృష్ణ నాలుగు స్వరములతో మహతి, లవంగి మొదలగు రాగములను, మూడు స్వరములతో సర్వశ్రీ రాగమును కల్పించెను. ఐదు స్వరములకు తక్కువైనచో రాగమగునాయని పండితులలో వివాదము చెలరేగినది. ఇందొక చమత్కారము కలదు. నాలుగు స్వరములు, అంతకు తక్కువ స్వరములు గల గానము మార్గము కాదనియు, అది శబర పుళిందాదుల వాడుకలోనిదనియు మతంగుడు బృహద్దేశిలో చెప్పియున్నాడు. అనగా సభలో క్రొత్తదని వివాదము రేపిన విషయము అడవిలో ఏనాటినుండియో యున్నదే. నూతనమనునది తరచుగా మనము చూడని మూలనున్న పురాతనము.

పాలకొల్లున 1969లో జన్మించిన ఉప్పలపు శ్రీనివాస్ బాల్యముననే మాండొలిన్ వాద్యమున కర్ణాటక సంగీతమును పలికించెను. గమకములకు అనువు కాదని భావింపబడిన పాశ్చాత్య వాద్యమది. 2014లో మరణించునంతవరకు ఆయన ఆ వాద్యముతోనే దేశవిదేశముల సభలను అలరించెను. జాన్ మెక్‌లాఫ్లిన్ వంటి జాజ్ విద్వాంసులతో కలిసి వాయించెను. ఇతర దేశములయందును ఇట్టి ఉదాహరణలు కలవు. 1889లో పారిస్ ప్రదర్శనమున జావాద్వీపపు గామెలాన్ వాద్యబృందమును వినిన ఫ్రెంచి సంగీతకర్త దెబుస్సీ ఆ నాదమునకు ముగ్ధుడయ్యెను. ఆ ముగ్ధత తరువాతి ఆయన రచనలలో ప్రతిఫలించినది.

సాహిత్య విద్యార్థులకు ఇందులో ఆశ్చర్యపడదగినది లేదు. ప్రబంధరీతి అనుకరణములతో అలసిన కాలమున గురజాడ అప్పారావు 1910లో ముత్యాలసరములను వెలయించెను. దానివలన మనుచరిత్ర నశింపలేదు. నూతన ఛందస్సునకు అలవడిన చెవితో తిరిగి చదివినపుడు పెద్దన పద్యపు నడక మరింత స్పష్టముగా వినబడినదని నా తలంపు.

5. నిర్బంధౌషధము

అరుచిని బలవంతముగా పోగొట్టవచ్చునా? ఈ ప్రశ్నకు సమాధానము ఆకాశవాణి చరిత్రలో కలదు. 1952లో కేంద్ర ప్రసారశాఖ మంత్రియైన బి. వి. కేస్కర్ సినిమా పాటలు జనుల అభిరుచిని చెడగొట్టుచున్నవని భావించెను. ఆకాశవాణినుండి సినిమా పాటలు తొలగిపోయినవి. శాస్త్రీయ సంగీతమునకు జాతీయ కార్యక్రమము ఏర్పడినది. సదుద్దేశమున సందేహము లేదు. శ్రోతలు మాత్రము రేడియో ముల్లును సిలోను కేంద్రము వైపునకు త్రిప్పుకొనిరి. తుదకు 1957 అక్టోబరులో ఆకాశవాణియే వివిధభారతిని ప్రారంభింపవలసి వచ్చినది. మూసిన తలుపు రుచిని పుట్టింపజాలదని ఈ ఉదంతము తెలుపుచున్నది.

తెరచిన తలుపు చేసిన పని యేదియో కూడ చూడవలెను. అదే కాలమున విజయవాడ కేంద్రము లలితసంగీతమును, భక్తిరంజనిని శ్రోతల ముంగిట నిలిపినది. రామదాసు కీర్తనలు, తత్త్వములు బాలమురళీకృష్ణ గానముతో పామరులకును చేరువైనవి. ఎవ్వరిని నిర్బంధింపలేదు, ఉదయపు వేళ వినబడుచుండెను, అంతియే. వేపాకు తీపియగుటకు కావలసిన పరిచయము ఈ విధముగా ఏర్పడినది. 1980లో విడుదలయైన శంకరాభరణము చలనచిత్రము కూడ ఇట్టిదే. శాస్త్రీయ రాగములు సినిమా ద్వారముననే ప్రవేశించి, పాటకచేరీ గడప త్రొక్కని ఇండ్లకు చేరినవి. రుచి ఆజ్ఞకు లొంగదు, పరిచయమునకు లొంగును.

6. శ్రోతకు మార్గము

ఇక శ్రోత చేయదగినదేమి? మొదట ఒక ఆటంకమును తెలిసికొనుట మంచిది. అమెరికాలో హాల్‌బ్రూక్, షిండ్లర్ అనువారు 1989లో ప్రకటించిన పరిశోధనము ననుసరించి, శ్రోతలు తమకు సుమారు 24 ఏండ్ల ప్రాయమున ప్రచారములో నున్న పాటలను అత్యధికముగా ఇష్టపడుదురు. నలువది దాటినవానికి క్రొత్త సంగీతము మొరటుగనో, అర్థరహితముగనో తోచుటకు ఇది యొక కారణము. ఆ తోచుట ఆ సంగీతముయొక్క గుణము కాదు, మన పరిచయలోపము. సహృదయుని మనోదర్పణము కావ్యానుశీలనాభ్యాసమువలన నిర్మలమగునని అభినవగుప్తుడు చెప్పిన విషయము గానమునకును వర్తించును. అభ్యాసము లేనిచో అద్దమున మసకయే కనబడును.

రెండవ విషయము: సమీపమునుండి బయలుదేరుట. మోహనరాగము తెలిసినవాడు హిందుస్తానీ భూప్ రాగముతో ప్రారంభింపవచ్చును, స్వరములు అవియే. పిదప దేశ్‌కార్ వినవలెను. దానియందును స్వరములు అవియే. కాని భూప్ గాంధారముపై విశ్రమించు రాత్రి రాగము, దేశ్‌కార్ ధైవతముపై నిలుచు ఉదయ రాగము. ఐదు స్వరములనే రెండు విధముల నడిపించిన ఈ నేర్పును గుర్తించిన చెవి మోహనమునకు తిరిగి వచ్చినపుడు, ఇచట ఏ స్వరము బరువు మోయుచున్నదని తప్పక ప్రశ్నించును. అట్లే స్వరకల్పనమున ఎత్తుగడకై ఎదురుచూచుటకు అలవాటు పడినవానికి జాజ్ సంగీతము మిక్కిలి దూరము కాదు. నిర్ణీతమైన ఆవర్తముపై కల్పన చేసి తిరిగి పల్లవికి వచ్చు పద్ధతి అందును కలదు. బాఖ్ (1685–1750) రచించిన ఫ్యూగులలో ఒకే వరుస ఒక గొంతు తరువాత మరియొక గొంతున ప్రవేశించుచు, అన్నియు ఏకకాలమున సాగుచుండును. ఒకే రాగధారను అనుసరించుటకు అలవడిన మన చెవికి ఇది మొదట గందరగోళము. ఒక్క గొంతును మాత్రమే పట్టుకొని పలుమారులు వినినచో త్రోవ దొరకును.

దూరప్రయాణము చేయనక్కరలేనివారికి మన పల్లెలే చాలును. ఉత్తరాంధ్రమున జముకుల కథ కలదు. జముకు ఒక ప్రక్క చర్మము మూసిన చిన్న వాద్యము. చర్మము నడుమనుండి వచ్చు తంత్రిని బిగించుచు సడలించుచు మీటుదురు. ఆ ధ్వని చర్మవాద్యమునకును తంత్రీవాద్యమునకును నడిమిదిగా, ఇంచుమించు మనిషి మూలుగువలె నుండును. పరిశోధనార్థము గ్రామములలో తిరుగు దినములలో దానిని తొలిసారి వినినపుడు నాకు నచ్చలేదు. నాలుగవ రాత్రికి నచ్చినది. ఈ రెండింటికి నడుమ మారినది జముకు కాదు.

మూడవ విషయము ఓర్పు. నేడు చరవాణియందు లోకములోని సంగీతమంతయు అరచేత నున్నది. అరనిమిషమునకొక పాట మార్చుచు పోవుటను కొందరు అన్వేషణమని భ్రమించుచున్నారు. అది చాపల్యము. వేపాకును నమలకుండ ఉమిసినవానికి తీపి తెలియదు. ఒక నూతనరీతిని ఎన్నుకొనినచో, దానిలో ఒకే రచనను కనీసము పదిమార్లైనను, వేరు పని పెట్టుకొనక వినవలెనని నా మనవి. అప్పటికిని రుచింపనిచో విడువవచ్చును. అందు అగౌరవము లేదు.

ముగింపు

తండ్రిగారి క్యాసెట్లను పెట్టెలో పెట్టిన ఆరేండ్లకు ఒక హిందుస్తానీ కచేరీకి పోవుట సంభవించినది. చివర భైరవి పాడిరి. హిందుస్తానీ భైరవి స్వరస్థానములు మన హనుమతోడి స్వరస్థానములే యని గ్రంథములలో చదివియుంటిని. ఆనాడు చెవితో చదివితిని. మెట్లు అవియే, నడక వేరు. మన తోడిలో గాంధారము ఒక్కచోట నిలువదు; క్రిందికి మీదికి ఊగుచునే యుండును. భైరవిలో గాంధారము నెమ్మదిగా నిలిచియున్నది. ఆ నిలుకడను వినినందువలననే ఈ ఊపు నాకు తెలిసినది. పుట్టినది మొదలు వినిన రాగమున దాని ప్రాణమైన స్వరము ఊగుచున్నదని నలువదవ యేట తెలిసికొనుట సిగ్గుపడదగిన విషయమే. కాని అతిపరిచితమునందు మనకు కనబడనిది ఇదియే.

ఇంటికి వచ్చి క్యాసెట్టును తిరిగి వింటిని. గాయకుడు ఊపిరి తీసికొను చోటు నాకింకను తెలియును. అయినను నా చెవి ఈసారి ఆ చోటుకై ఎదురుచూడలేదు, గాంధారమువద్ద ఆగినది. బావివద్ద నీళ్లు తోడుచు నాన్నగారు ఆ గాంధారమును అట్లే ఊపెడివారని అప్పుడు జ్ఞప్తికి వచ్చినది. అంతవరకు నా జ్ఞాపకమున వారి పాట యున్నది. ఆ ఊపు లేదు.

పరిచిత గానమునందు కలుగు అరుచి కృతఘ్నత కాదని, అది చెవి తన పాత అలవాటును ముగించితినని చేయు విన్నపమేయని పైవిషయములవలన తేలుచున్నది. ఆ విన్నపమును మన్నించి క్రొత్తరీతులయందు కొంతకాలము సంచరించుట పాతదానిని పోగొట్టుకొనుట కాదు. శార్ఙ్గదేవుని నాటినుండి మన సంగీతము జీవించినది ఈ రాకపోకలవలననే. గారె చేదైనదని దానిని పారవేయవలదు. కొన్నాళ్లు వేపాకు నమలి వచ్చినవానికి గారె తిరిగి గారెయే యగును.